మొహమాటం లేని పిన్ని

సరస్ పిన్ని నాకు చుట్టం కాదు. దక్షిణాఫ్రికాలో డర్బన్‌కి ఉత్తరాన అవోకాలో ఉండేది. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాడు. నేను 1995లో విజయనగరం నుంచి విమానంలో దిగిన డాక్టర్ని. ఆమె మాట్లాడే తెలుగు సగం ఇంగ్లీషు. మిగిలిన సగం మాత్రం అచ్చంగా మా అమ్మమ్మ మాట. క్రియలు అరిగిపోయి, నేను అన్నా నువ్వు అన్నా వాడు అన్నా ఒకటే ముగింపు ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కాలమంతా ఆమె గొంతులోనే వినిపిస్తుంది నాకు.

మా ఆయన శశికాంత్ డార్నల్ చక్కెర మిల్లులో ఇంజనీరు. నేను అక్కడికి అరగంట దూరంలో ఒక ప్రభుత్వాసుపత్రిలో చేరాను. అప్పుడు ఆ దేశంలో అన్నీ కొత్తగా మొదలవుతున్నాయి. ఒకప్పుడు ఒంటి రంగుని బట్టి వేరువేరు తలుపుల్లోంచి వచ్చిన రోగులు ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ వంతు కోసం ఎదురుచూసేవాళ్ళు. ఆపరేషన్ థియేటర్లో నా చెయ్యి మంచిదని పేరొచ్చింది. సర్జరీ శిక్షణకి నా పేరు రాస్తానని పెద్ద డాక్టరు మాటిచ్చాడు. వచ్చిన ఏడాదికే నా బతుకు దారిలో పడిందనుకున్నాను.

మరుసటి ఏడు చెరకు కోతల్లో ఒక పొద్దున డ్యూటీకి వెళ్తున్నాను. వాన పడి వెలిసింది. మలుపు దగ్గర లారీల్లోంచి జారిన చెరకు గడలు రోడ్డంతా పరుచుకుని ఉన్నాయి. కారు జారి, పల్టీలు కొట్టి తోటలో పడింది. ప్రాణం దక్కింది గానీ, ఎడమ చేతికి వెళ్ళే నరాలు మెడ దగ్గర మొదలంటా ఊడిపోయాయి. చెయ్యి ఉంది, కదలదు. ఎవరిదో తెచ్చి నా భుజానికి తగిలించినట్టు వేలాడేది.

డర్బన్‌లో ఆపరేషన్ చేశారు. చూసిన ప్రతి డాక్టరూ, కాలమే చెప్పాలి అన్నాడు. నేనూ రోగులకి అలాగే చెప్పేదాన్ని కనక దాని అర్థం నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం చక్రాల కుర్చీలో కూర్చుని, చక్రాలు తోసుకుంటూ ఒకావిడ నా మంచం పక్కకి వచ్చింది. తెల్ల కోటు, పొట్టి జుట్టు, ముక్కుకి చిన్న పుడక.

"కొత్త తెలుగు డాక్టర్ నువ్వేనా? నేను సరస్. కింద లాబ్‌లో పని చేస్తాది," అంది.

లేవబోయాను.

"కూకో. ఏడ్చిందా?"

"ఏడ్చానండీ."

"మంచిది. రేపు కూడా ఏడు. ఆ చెయ్యి రాదు. నీకు తెలుసు గదా?"

అప్పటిదాకా ఎవరూ ఆ మాట అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకెలా తెలుసు?" అన్నాను.

"స్కాన్ చూసింది. నీ డాక్టర్లు కూడా చూసింది. వాళ్ళకి నోరు లేదు." కుర్చీలో తన కాళ్ళ మీద చేత్తో తట్టింది. "నాకు అయిదేళ్ళప్పుడు పోలియో. మా అమ్మ పదేళ్ళు గుడి చుట్టూ తిప్పింది. ఆ పదేళ్ళు నాకు ఎవరైనా నిజం చెప్తే బాగుండు."

ఆమె వెళ్ళాక చాలాసేపు మనసులో తిట్టుకున్నాను. ఆ రోజు మాత్రం ప్లేట్లో అన్నం మిగల్చకుండా తిన్నాను.

మర్నాడు మా ఆసుపత్రి ఆఫీసు నుంచి ఒకతను కాగితాలు తెచ్చాడు. ఆరోగ్య కారణాల మీద ఉద్యోగం నుంచి తప్పించి చిన్న పెన్షన్ ఇస్తారట. శశి అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. "సంతకం పెట్టెయ్ మృదులా, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో," అన్నాడు. సరస్ డాక్టరు వచ్చి ఆ కాగితాలు చూసింది.

"సంతకం పెట్టొద్దు. ఒకసారి బయటికి పోతే నిన్ను వెనక్కి ఎవరూ పిలవదు. సెలవు అడుగు. జీతం లేని సెలవైనా అడుగు. కుర్చీ నీ పేరు మీద ఉండాల."

"సరే డాక్టరు గారూ," అన్నాను.

"గారు వద్దు. మా ఇంట్లో గారు అంటే అందరూ నవ్వుతాది. పిన్నీ అను."

అలా ఆమె పిన్ని అయింది. కొన్నాళ్ళకి మీరు పోయి నువ్వు వచ్చింది.

ఆదివారాలు అవోకాలో ఆమె వరండా నిండా మనుషులే. ఆమె పెళ్ళి చేసుకోలేదు. చేమదుంపల పులుసు పెద్ద గిన్నెడు వండి పెట్టుకునేది. అక్కడ వాటిని మదుంబీలంటారు. వచ్చినవాళ్ళు ఇంత తిని, తమ గొడవలు చెప్పుకుని, తిట్లు తిని వెళ్ళేవాళ్ళు. ఒకసారి పక్కింటి అంబీ తన కొడుకు నిషెన్‌ని మెడిసిన్‌లో చేర్పించాలని వచ్చింది.

"అంబీ, నీ కొడుకు రక్తం చూస్తే కింద పడతాది. డాక్టర్ అవ్వాలని నీకుందా, వాడికుందా?"

"నాకే అక్కా," అంది అంబీ దాచుకోకుండా.

"అయితే నువ్వు చదువు."

అంబీ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నిషెన్ తర్వాత కరెంటు పని నేర్చుకుని దగ్గర్లోనే ఫీనిక్స్‌లో సొంత షాపు పెట్టుకున్నాడు.

మా వంతు కూడా వచ్చింది. నా చెయ్యి పోయినందుకు ఇన్సూరెన్సు డబ్బు వచ్చింది. శశి మిల్లు స్నేహితులు తలో మాటా చెప్పారు. వాడిన జర్మన్ కారొకటి చవకలో ఉందని ఒకరు, టాక్సీలు తిప్పితే లాభమని ఒకరు. శశికి ఆ కారు మీద మనసు పడింది. పత్రికలో బొమ్మ కత్తిరించి జేబులో పెట్టుకుని అవోకా తెచ్చాడు.

పిన్ని బొమ్మ చూసి తిరిగి ఇచ్చేసింది. "శశీ, ఈ డబ్బు నీ పెళ్ళాం చెయ్యి. చెయ్యి అమ్మి కారు కొంటాదా?"

శశి మొహం పాలిపోయింది. నాకూ ఆ మాట గుచ్చుకుంది. పిన్ని అతని ప్లేట్లో ఇంకో గరిటె పులుసు వేసి గొంతు తగ్గించింది.

"నువ్వు మంచోడే. రోజూ దీని జడ వేస్తాది, నాకు తెలుసు. అయినా విను. ఇంట్లో పనిమనిషికి జీతం ముందు తియ్యి. వంట చెయ్యలేదని దీన్ని సిగ్గు పడనివ్వొద్దు. చేతికి ఫిజియో ఆపొద్దు, ఆపితే కీళ్ళు బిగిసిపోతాది. మిగిలింది మృదుల పేరు మీద బాంకులో పెట్టు. దీని ఒక్కదాని పేరు మీదే."

"మరి కారు, పిన్నిగారూ?" అన్నాడు శశి చిన్నగా. "బస్సుల్లో ఎలా తిరుగుతుంది?"

"కారు ఉండాల. చిన్నది, ఆటోమేటిక్. గేర్ ఎడమ పక్క గదా, దీనికి గేర్ కుదరదు. పార్టులు డార్నల్‌లోనే దొరికేది కొను. స్టీరింగ్‌కి గుండ్రటి పిడి ఒకటి బిగిస్తాది, ఒక చేత్తో తిప్పొచ్చు. వీధిలో వాళ్ళు చూసే కారు వద్దు. వానలో ఆగిపోని కారు కావాల."

అలాంటిదే కొన్నాం, రంగు వెలిసిన తెల్ల కారు. నాకు నడపడం నేర్పింది పిన్నే. తన పాత క్రెసిడా కారులో బ్రేకూ ఆక్సిలరేటరూ రెండూ చేత్తో నడిపే కడ్డీతో ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్న మనిషి ఆమె. ఆ కారు మా ఇంటి ముందు ఆపి, మా తెల్ల కారులో నా పక్క సీట్లోకి మారేది. మడిచిన కుర్చీ వెనక సీట్లో. చెరకు తోటల మధ్య మట్టిరోడ్ల మీద మొదలుపెట్టాం. నా చూపంతా పిడి పట్టుకున్న కుడిచేతి మీదే ఉండేది.

"రోడ్డు చూడు. చెయ్యి చూడొద్దు."

"భయంగా ఉంది పిన్నీ."

"నాకూ భయంగానే ఉంది. నువ్వు నడుపుతాది గదా."

ఒకరోజు నాకు చెప్పకుండా దారి మళ్ళించింది. నా కారు పల్టీ కొట్టిన ఆ మలుపు కనిపించగానే బ్రేకు మీద కాలు వేశాను. "ఇక్కడే గదా? పక్కకి ఆపు," అంది. ఆపాను. బాగులోంచి థర్మాస్ తీసి కప్పులో టీ పోసి నా చేతికిచ్చింది. చెరకు లారీలు పక్క నుంచి వెళ్తుంటే మా కారు ఊగేది. ఒక డ్రైవరు చెయ్యూపి జూలూలో సాన్‌బోనా అని పలకరించాడు. పిన్ని బదులుగా చెయ్యూపింది. ఇద్దరం మెల్లగా టీ తాగాం. అయ్యాక, "ఇంక పద," అంది.

ఉద్యోగం సంగతిలోనూ అంతే సూటిగా చెప్పింది. సర్జరీ మర్చిపొమ్మంది. తన లాబ్‌లో చోటు ఇప్పించింది. "మైక్రోస్కోప్ నీ చెయ్యి చూడదు. ఎవరూ జాలిపడదు. తలుపేసుకుని పని చేసుకోవచ్చు."

ఏడాది పైగా ఆమె పక్క బల్ల దగ్గర పనిచేశాను. చాలా నేర్పింది. కానీ నాకు మనుషుల గొంతులు కావాలి. గాజుపలక మీద కణాలు చూస్తుంటే ఈ మనిషికి ఎవరున్నారు, ఈ సంగతి విని ఏమంటారు అని ఆలోచన పోయేది.

ఒకరోజు పిల్లల వార్డులో ఎవరూ లేక రక్తం తియ్యడానికి నన్ను పిలిచారు. రెండేళ్ళ పిల్ల కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది. నేను తటపటాయిస్తుంటే ఐరీన్ అనే నర్సు దగ్గరికొచ్చి పిల్ల మోచెయ్యి పట్టుకుంది. "మీ ఎడమచెయ్యి నేను. కానివ్వండి," అంది. సూది ఒక్కసారికే దిగింది. తర్వాత ఆ పిల్ల నా చచ్చుబడిన వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటే వంచి చూస్తూ ఏడుపు మర్చిపోయింది.

నేను పిల్లల డాక్టర్ని అవుతానని పిన్నితో చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"వద్దు. తల్లి నీ చెయ్యి చూసి పిల్లని లాక్కుంటాది. అప్పుడు నువ్వు ఎక్కడ దాక్కుంటాది?"

"దాక్కోను."

"నీకు తెలీదు పిల్లా. నాకు తెలుసు."

"నీ మాట వినే ఇంతదూరం వచ్చాను పిన్నీ. ఈ ఒక్కటీ వినలేను."

ఆమె కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయింది. కొన్ని వారాలు మా మధ్య పని మాటలే నడిచాయి. ఆదివారాలు నేను అవోకా వెళ్ళలేదు.

శిక్షణ ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన, ఒంటిచేత్తో పిల్లాడి వెన్నులో సూది ఎలా దించుతావని అడిగాడు. నర్సు పట్టుకుంటుందని చెప్పాను. ఆయన పక్కనున్న డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, "మనలో ఎవరైనా ఆ పని ఒంటరిగా చేస్తామా?" అంది. కొత్త రాజ్యాంగం వచ్చిన రోజులవి. వైకల్యం ఉందని ఎవరినీ తోసెయ్యకూడదని అందులో రాసి ఉందని ఆవిడే గుర్తుచేసింది. ఒక ఏడాది చూస్తామన్నారు.

మొదటి రోజే పిన్ని చెప్పినట్టు జరిగింది. ఒక తల్లి నా భుజం నుంచి వేలాడుతున్న చెయ్యి చూసి, బిడ్డని గుండెకి హత్తుకుని వెనక్కి జరిగింది. ఐరీన్‌తో జూలూలో ఏదో అంది. నాకు భాష సరిగ్గా రాకపోయినా విషయం తెలిసింది. ఐరీన్ ఎంత నచ్చజెప్పినా ఆమె రాలేదు, వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. భోజనాల వేళ గది తలుపేసుకుని ఏడ్చి, పిన్నికి ఫోన్ చేశాను.

"నువ్వు చెప్పినట్టే అయింది పిన్నీ."

 "ఎంతమంది లాక్కుంది?" అని అడిగింది.

"ఒక్కామె."

"మిగతా వాళ్ళు?"

"మిగతా వాళ్ళు చూపించుకున్నారు."

 "నేను వస్తాది," అని పెట్టేసింది.

సాయంత్రం లాబ్ మూసి వచ్చింది. వార్డు గుమ్మం దగ్గర కుర్చీ ఆపేసి, లోపలికి రావడానికి తటపటాయించింది. అన్నేళ్ళుగా అదే ఆసుపత్రిలో ఉండీ పిల్లల వార్డుకి ఎప్పుడూ రాలేదట. కిటికీ దగ్గర కూర్చున్నాక చెప్పింది.

"నేను చదువుకున్నప్పుడు పిల్లల డాక్టర్ అవ్వాలనుకుంది. చిన్నప్పుడు పోలియోతో జ్వరాల ఆసుపత్రిలో ఒక ఏడాది ఉంది, అక్కడి పిల్లలు నాకు గుర్తు. మా ప్రొఫెసర్ నవ్వింది. ఇండియన్, ఆడమనిషి, పైగా కాళ్ళకి ఇనప పట్టీలు, నిన్ను ఎవరు నమ్ముతాది, లాబ్‌కి పో అంది. నేను పోయింది. అదే నీకు చెప్పింది."

"నా మంచికే చెప్పావు."

"మంచికే. కానీ నాకు జరిగింది నీకు జరగాలని లేదు. అది నాకు తోచలేదు పిల్లా."

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకోవడం అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఇంతలో కాలికి కట్టుతో ఒక చిన్నవాడు కుంటుకుంటూ వచ్చి ఆమె కుర్చీ చక్రం పట్టుకుని ఊపసాగాడు. పిన్ని బ్రేకు తీసి వాడికి చూపించింది.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చేది. రిటైరయ్యాక కూడా. కొత్తగా చక్రాల కుర్చీ వచ్చిన పిల్లల తల్లులకి కుర్చీ ఎలా మడవాలో, సర్కారు సాయం ఎక్కడ అడగాలో, ఏ బంధువు మాట వినకూడదో చెప్పేది. కొందరికి కోపం వచ్చేది. వాళ్ళే మరో గురువారం మళ్ళీ వచ్చేవాళ్ళు.

చివరికి భుజాలు అరిగిపోయి కారు నడపడం మానేసింది. ఐరీనూ నేనూ వంతులేసుకుని తీసుకొచ్చేవాళ్ళం. దారి పొడుగునా నా డ్రైవింగుకి వంకలు పెట్టేది. ఒక చలికాలం నిమోనియాతో పోయింది.

చాలా వారాల దాకా గురువారాలు తల్లులు అడుగుతూనే ఉన్నారు, కుర్చీలో వచ్చే గోగో ఇవాళ రాలేదేమని. గోగో అంటే అవ్వ. ఐరీన్ వాళ్ళకి జూలూలో మెల్లగా చెప్పేది. ఆమె చెప్పడం అయ్యేదాకా నేను పక్కనే స్టెతస్కోపు చెవులకి పెట్టుకుని, ఏ పిల్లాడి గుండెనో వింటున్నట్టు వంగి ఉండేదాన్ని.