ఊరి పేరున్న తాటాకులు

విరుదునగర్‌లో ఒక ట్రస్టు వాళ్లు నెలకో శనివారం పుస్తకాల చరిత్ర మీద ఉచిత ఉపన్యాసాలు పెడుతున్నారు. మొదటి రెండింటికి నేనొక్కదాన్నే కోవిల్‌పట్టిలో బస్సెక్కి వెళ్లాను. మూడోది తాటాకు పుస్తకాల గురించి. ఇంట్లో పాత కట్టలున్నవాళ్లు తెస్తే ఉపన్యాసం అయ్యాక చదివి చెబుతామని కరపత్రంలో వేశారు. అది చదివి వినిపించగానే మా అత్త అళగమ్మాళ్ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"నేనూ వస్తా సుధా. మనోళ్లు యా ఊరు విడిచి ఈడికి వచ్చిరో మనింటి కట్టలో రాసుండాదని మీ మామకు వాళ్ల నాయన చెప్పినాడంట. ఒక్క తూరి ఆ పేరు విని పోతాను."

తరాలుగా తమిళనాట ఉన్న మా ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదివేవాళ్లు లేరు. పెళ్లికి ముందు నేను నేర్చుకున్న చదువు అచ్చు పుస్తకానికే సరిపోతుంది. పైగా ఆ కట్టను ఎవరూ విప్పరు. పూజగదిలో పీట మీద ఉంటుంది. శుక్రవారం శుక్రవారం అత్త దాని మీద చెంచాడు పాలు పోసి, పసుపూ గంధమూ మెత్తి, కుంకుమ పెడుతుంది. "మా అత్త సుమ్మా ఊరికే పొడిగుడ్డతో తుడిచేది. నేను వచ్చినాకే దానికి మర్యాద" అని చుట్టాలతో చెప్పుకునేది.

బస్సులో కట్టను పట్టుగుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. కండక్టరు వంగి చూశాడు.

"ఏం పాట్టీ, ఒడిలో మనవడా?"

"నీ తాతకు తాత. ఆయనకూ టిక్కెట్టు కొడతావా?" అంది అత్త తమిళంలో. ముందు సీట్లో ఆడవాళ్లు నవ్వారు. చాలాకాలానికి అత్త ముఖంలో అంత కళ చూశాను.

హాల్లో సగం కుర్చీలు ఖాళీ. మాట్లాడిన పాలసామి సార్ ఉద్యోగం విరమించిన తమిళ పంతులు. తెలుగు లిపి కూడా చదువుతారట. ఆకును ఉడకబెట్టి ఆరబెట్టడం, ఇనప గంటంతో గీయడం, ఆ గీతల్లోకి మసి రుద్దితే అక్షరం పైకి తేలడం అన్నీ నెమ్మదిగా చెప్పారు. అత్త ప్రతి మాటకూ తల ఊపింది. చివర్లో తెర మీద ఒక బొమ్మ వేశారు. కాలిన ఇటుకలాంటి నల్లటి ముద్ద.

"దీనికి చెదలు పట్టలేదు. వానకు తడవలేదు. భక్తితో పాలు పోసి పోసి చంపారు" అన్నారు.

హాలంతా నవ్వింది. అత్త నవ్వలేదు. ఆమె చెయ్యి ఒడిలోని పట్టుగుడ్డ మీదకు పోయింది.

జనం లేచాక అడిగాను. "వద్దంటే పోదాం అత్తా."

"ఇంత దూరం వచ్చినాకా? మనది అట్ల ఉండదు. మనదాన్ని నేను బాగా చూసుకుంటిని."

తనే వెళ్లి కట్టను ఆయన బల్ల మీద పెట్టింది.

గుడ్డ విప్పగానే ఎండిన పసుపు పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆయన సన్నటి వెదురు బద్దను అంచులో దూర్చి మెల్లగా కదిపారు. ఆకు విడలేదు. కట్టే విరిగింది. లోపలంతా నల్లటి పొడి, మధ్యమధ్య పురుగులు తొలిచిన దారులు. ఒక్క ముక్క మాత్రం గోరంత మిగిలింది. ఆయన దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు.

"తెలుగే" అన్నారు.

"ఊరి పేరా సామీ?"

"రెండక్షరాలే ఉన్నాయి పాట్టీ. దేని పేరో చెప్పలేను. మిగిలింది ఇంక ఎవరూ చదవలేరు." బల్ల మీద రాలిన పసుపు పెచ్చును వేలితో తీసి అడిగారు. "దీనికి పాలు పోసిందెవరు?"

"మా అత్త" అంది అత్త.

"పాపం, ఆ కాలంవాళ్లకేం తెలుసు" అన్నారాయన. అత్త అవునన్నట్టు తల ఊపింది. నేను గోడవైపు చూశాను. ఆయన ముక్కలన్నీ తెల్లగుడ్డలో చుట్టి, ఇక తడి తగలనివ్వొద్దు, పక్కన దీపం పెట్టొద్దు అని చెప్పి నా చేతికిచ్చారు.

తిరుగు బస్సులో సాత్తూరు దాటేదాకా అత్త కిటికీ వైపు నుంచి ముఖం తిప్పలేదు. తర్వాత అంది.

"నా తప్పు చచ్చిన మనిషి మీద వేస్తిని."

"ఎవరికీ తెలియదులే అత్తా."

"నీకు తెలుసు గదా."

నేను ఒడిలోని తెల్లగుడ్డను ఇంకో చుట్టు చుట్టాను.

ఇంటికొచ్చేసరికి నా భర్త బాలచందర్ వసారాలో ఫోన్లో ఉన్నాడు. మాది పల్లీ చిక్కీ వ్యాపారం. చెవి దగ్గర్నుంచి ఫోను తీయకుండానే అడిగాడు.

"ఏమ్మా, యా ఊరంట మనది?"

అత్త నావైపు చూసింది. "చదవడానికి రాదంట. పాతబడిపోయింది" అన్నాను నేను.

"పోతే పోనీ. ఇప్పుడుండే ఊరు సాలదా మనకు?" అని మళ్లీ ఫోన్లోకి తిరిగాడు. "కాదన్నా, పెట్టెలు పొద్దున్నే బండికెక్కాల."

నేను లోపలికి వెళ్లబోయాను. అత్త గడప దగ్గరే నిలబడింది.

"పాతబడలేదు నాయనా. నేనే పాలు పోసి పోసి కుళ్లబెడితిని."

బాలచందర్ ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఏమ్మా? ఏమంటివి?"

అత్త కొడుకు చేతిలోని ఫోను వైపు చూసి గడప దాటింది.

"అన్నం పెట్టేదా అంటిని" అంది.