ఒళ్ళో ఉన్న చేతులు

షెడ్డులో చిన్న విమానం ముందు చక్రం మళ్ళీ విప్పి ఉంది. మెకానిక్ మామయ్య దాన్ని చూసి, మేనకోడల్ని చూసి నిట్టూర్చాడు.

"ఏమే బంతీ, ఈసారి ఎన్ని గెంతులు?"

"మూడు," అంది పళ్ళు బిగించి.

పైలట్ల స్కూల్లో ఆమెకు ఆ పేరు పెట్టింది గురువుగారే. ఆయన పక్కన కూర్చుంటే ఆమె విమానం పూరేకులా వాలుతుంది. ఒంటరిగా పంపితే నేలకు తగిలి పైకి గెంతుతుంది. ఆమె గాభరాపడి విమానం ముక్కు కిందికి నొక్కుతుంది. అంతే, చక్రం విరుగుతుంది. ఇవాళ గురువుగారు ఆఖరిసారి వెంట వచ్చి చూస్తారు. ఆయన సరేనంటే మళ్ళీ ఒంటరిగా ఎగరొచ్చు, కాదంటే మూటాముల్లె సర్దుకోవాలి. ప్రిన్సిపాల్ తేల్చి చెప్పేశాడు.

"ఆయనుంటే వస్తుంది మామయ్యా! దిగిపోగానే ఆ వచ్చింది ఎక్కడికి పోతుందో, నా ఖర్మ!"

"ఆయన్నే మూటగట్టి పక్కన పెట్టుకో."

ఆమెకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం ఇంకో విమానం ఎక్కారు. అందులో ఇద్దరి ముందూ చెరో స్టీరింగు ఉంటుంది. ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది. నేల దగ్గరపడుతుండగా గురువుగారు మొదలుపెట్టారు.

"లాగు... మెల్లగా... అబ్బా, చెప్పేది చెవికెక్కుతోందా?"

ఆమెకు విసుగు నెత్తికెక్కింది. ఎలా పోతే అలా పోనీ అనుకుని చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె ముందున్న స్టీరింగు దానంతటదే వెనక్కి వచ్చింది. చక్రాలు నేలను తాకినట్టే తెలియలేదు.

"శభాష్! చూశావా, ఎంత బాగా దింపావో!"

"సార్, నా చేతులు ఇక్కడున్నాయి."

ఆయన ఆమె ఒళ్ళోకి చూశారు. తర్వాత స్టీరింగును బిగించి పట్టుకున్న తన వేళ్ళకేసి చూశారు.

"ఊరికే... ఆసరాకి పట్టుకుంటా."

"ఎప్పట్నుంచి?"

"అదేం ప్రశ్న?"

"ఎప్పట్నుంచి సార్?"

"నా పక్కనే ఒకడు విమానం విరగ్గొట్టాడమ్మా. అప్పట్నుంచి నేల కనిపిస్తే ఈ చేతులు నా మాట వినవు."

"ఇన్నాళ్ళూ దింపింది మీరా? మరి నేను నేర్చుకున్నదేంటి? పైగా నాకు బంతి అని పేరొకటి!"

ఆయన అరచేతులు రెండూ తొడల కిందికి తోసి, వాటి మీద కూర్చున్నారు.

"పద."

మళ్ళీ ఎగిరారు. ఈసారి దిగేటప్పుడు విమానం గెంతింది. ఆయన మోచేయి కదిలింది.

"కదలకండి!" అని అరిచింది.

ఆమె చేతులూ ముక్కును నొక్కబోయాయి. నొక్కనివ్వలేదు. ఇంజను జోరు పెంచి పైకి లేపేసింది. ఇంకో చుట్టు తిరిగి వచ్చింది. ధడేల్మంది, చిన్న గెంతు. ఊపిరి బిగబట్టి స్టీరింగు వెనక్కే పట్టుకుంది. విమానం నేలను అంటిపెట్టుకుంది.

షెడ్డు ముందు మామయ్య వంగి చూశాడు.

"చక్రం ఉందా మామయ్యా?"

"ఉంది. మీ సారు మొహంలోనే నెత్తురు లేదు."

గురువుగారు తిమ్మిరెక్కిన చేతులు విదిలించుకుంటూ దిగారు. "అది దిగడమా, కూలడమా?"

"ఏదైనా నేనే చేశాను సార్."

ఆయన ప్రిన్సిపాల్ గదివైపు నాలుగడుగులు వేసి ఆగారు. "ఒంటరిగా ఇప్పుడే పంపను. ఇంటికీ పంపనివ్వను. తప్పు నాదని లోపల చెప్తా. రేపు మళ్ళీ మొదటి పాఠం నుంచి."

మొదటి పాఠం! పోయిన నెలలన్నీ గుర్తొచ్చి ఆమెకు చక్రాన్ని తన్నాలనిపించింది.

"మరి మీ చేతులు?"

ఆయన ఇబ్బందిగా మామయ్యకేసి చూశారు.

"తాడు నా దగ్గరుందిలెండి," అన్నాడు మామయ్య.