మౌల్వీ సాబు ముందుచూపు

నిర్మల్‌లో జహీరుద్దీన్ మౌల్వీ సాబు పిల్లలకు ఫార్సీ, నీతిశాస్త్రం చెప్పేవారు. మనిషి చేసే పని గురించి పాత హకీములు, అంటే తత్వవేత్తలు, చెప్పిందంతా ఆయనకు కంఠతా వచ్చు. ముందు అక్లు, అంటే బుద్ధి, మంచిచెడ్డలు తూచాలి. ఒక దారి ఎంచుకోవాలి. ఆ తర్వాతే కాళ్లూ చేతులూ కదలాలి. అలా జరిగితేనే అది మనిషి చేసిన పని. భయపడి పారిపోవడం గొర్రెకు కూడా వచ్చునని పిల్లలకు పదేపదే చెప్పేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, వానకాలంలో, వాగవతలి ఊళ్లో నిఖా చదివించడానికి సిద్దిరాములు కిరాయికి తోలే కచ్చురం అనే గూడు ఎడ్లబండి ఎక్కి మౌల్వీ సాబు బయల్దేరారు. వాగు దగ్గర సిద్దిరాములు ఎడ్లను ఆపి, నీళ్లలోకి దిగి చూసొచ్చాడు.

"మోకాలు లోతే ఉన్నయి సాబ్. పోవచ్చు."

మౌల్వీ సాబు ఆలోచించారు. లోతు లేదు. ఎడ్లు గట్టివి. అవతల పెళ్లివారు ఎదురుచూస్తున్నారు. పోవడమే సరైనదని అక్లు తీర్పు చెప్పింది. అంతలో ఎర్రనీళ్లలో ఒక సుడి కనబడి ఆయన భయపడ్డారు.

"బండి తిప్పు," అన్నారు.

వాళ్లు ఊరు చేరకముందే ఎగువ వాన నీళ్లు విరుచుకుపడి వాగు ఒడ్లు దాటి పారింది.

మర్నాటికి ఊరంతా ఒకటే మాట. మౌల్వీ సాబు తాను చదివిన ఇల్మ్‌తో వరదను ముందే చూశారట. సిద్దిరాములు ఆయన్ను ముంచబోయాడట. నీళ్లు తగ్గాక పెళ్లికూతురు తండ్రి ముష్తాక్, నిఖా ఆగినందుకు కోపగించుకోవలసినవాడు, మిఠాయితో వచ్చాడు.

"నేనేం చూడలే ముష్తాక్. నా అక్లు పొమ్మనే చెప్పింది. సిద్దిరాములు అన్నది సరైన మాట. నేను భయపడి తిరిగొచ్చిన."

"పెద్దోళ్లు గిట్లనే అంటరు," అన్నాడు ముష్తాక్ కళ్లు తుడుచుకుంటూ.

శుక్రవారం నమాజు తర్వాత అందరి ముందూ మళ్లీ అదే చెప్పారు. విన్నవాళ్లు అంత వినయం ఎక్కడా చూడలేదన్నారు. ఇద్దరు ముగ్గురు కొత్తగా పిల్లల్ని చదువుకు పంపారు. సిద్దిరాములు బండి మాత్రం ఎవరూ ఎక్కడం లేదు.

"మీరు చెప్పినకొద్దీ గాయన బండి ఖాళీ అయితుంది," అంది భార్య లతీఫున్నీసా. "చెప్పుడు బంద్ చేసి, పోయి బండ్ల కూసోండి."

మర్నాడు బజారు నడుమ, అందరూ చూస్తుండగా, ఆయన కచ్చురమెక్కారు.

"యాడికి సాబ్?"

"వాగవతలికి."

ఆకాశం తేటగా ఉంది. నీళ్లు మళ్లీ మోకాలు లోతుకు దిగాయి. అయినా ఎడ్లు వాగులో కాలు పెట్టగానే ఆయనకు మళ్లీ అదే భయం పట్టుకుంది. బండి తిప్పమని నోటిదాకా వచ్చింది. అనలేదు. గుంజ పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. ఇన్నేళ్లు చెప్పిన పాఠాన్ని తాను ఆచరించడం ఇదే మొదలనిపించింది. అందులో సంతోషమేమీ కనబడలేదు.

అవతలి ఒడ్డెక్కాక సిద్దిరాములు వెనక్కి తిరిగాడు.

"దువా చదివిండ్రా సాబ్?"

"లేదు. భయపడ్డ."

"మరి దిగి ఉరకకపోతిరి?"

"పోవాల్నని అనుకున్న గద. అందుకే పోయిన."

సిద్దిరాములు అర్థమైనట్టే తలూపాడు. సాయంత్రం బజారులో మాత్రం, సాబు కళ్లు మూసి దువా చదివితే వాగు మోకాలు దాటలేదని చెప్పాడు. మరుసటి సంతకు అతని కచ్చురంలో చోటు దొరకలేదు.

ఆ మాట మౌల్వీ సాబు చెవిన పడింది. ఖండించడానికి చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చారు. నిండుగా పోతున్న కచ్చురాన్ని చూసి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు.