కుదుపు లేని కారు

వెనక చక్రాల మీద కారు బరువు మోసే కమాన్ కట్టలోంచి మరో ఇనప పట్టీ ఊడదీసి, బోల్టులు బిగించి, మెకానిక్ పాత కారు కిందనుంచి వెల్లకిలా పాక్కుంటూ బయటికొచ్చాడు. లేవడానికి బంపరు పట్టుకోవలసి వచ్చింది. కారుకీ తనకీ వయసులో పెద్ద తేడా లేదు. దానికైతే విడిభాగాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి.

వానలు మొదలైనప్పటినుంచీ ఇదే పని. అక్కయ్యకు నడుములో జబ్బు. వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పటి చిన్న కార్లలోకి ఆవిడ వంగి ఎక్కలేదు. మంచమంత వెనకసీటున్నది దీనికొక్కదానికే. కానీ ఎప్పుడో బరువులు మోయడానికని బిగించిన గట్టి కమాన్లాయె, చిన్న గుంత వచ్చినా ఒళ్ళు హూనమైపోతుంది. అందుకని ఒక్కో పట్టీ తీసేస్తూ మెత్తబరుస్తున్నాడు. కారు వెనక భాగం బాగా కుంగిపోయింది కూడా.

"ఏమయ్యా, నీ కారు కూలబడిందేం?" అని ఎదురింటాయన ఎకసెక్కాలాడినా పలకడు. పలికే ఓపిక ఎక్కడిది?

పట్టీ తీసిన ప్రతిసారీ అక్కయ్యను ఎక్కించుకుని వీధి చుట్టి వస్తాడు. ప్రతిసారీ ఆవిడది ఒకటే మాట, "ఇప్పుడు బాగుందిరా." అద్దంలో చూస్తే మాత్రం, తలుపు పిడి పట్టుకుని పళ్ళు బిగబట్టి ఉంటుంది.

"నిజం చెప్పక్కా. నువ్వు మొహమాటపడితే నేనేం సరిచెయ్యను?"

"నీ దగ్గర నాకు మొహమాటమేంట్రా? నీకు లాగూ తొడిగినదాన్ని!"

అక్కయ్యలతో ఇదే తంటా. తమ్ముడు ఏం వెలగబెట్టినా వాళ్ళకి బాగానే ఉంటుంది.

ఆ వారం ఆసుపత్రి దారికి కొత్తగా తారు వేశారు. రోడ్డు నున్నగా ఉంది. ఒక్క గుంత లేదు, ఒక్క కుదుపు లేదు. అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది. నవ్వుతూ అద్దంలోకి చూశాడు. అక్కయ్య పిడి పట్టుకునే ఉంది. వేళ్ళు తెల్లబడిపోయాయి.

కారు పక్కకు ఆపాడు. ఇన్నాళ్ళూ తను వెతుకుతున్న తప్పు కారులో లేదు.

"నొప్పి కుదుపుల వల్ల కాదని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి నన్నెందుకు ఆ ఇనుము కింద దొర్లనిచ్చావు?"

"ఇంట్లో ఉంటే నా మొహం చూసి కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నావు. దాని కింద దూరిన రోజు కాస్త అన్నమన్నా తింటున్నావు. పోనీలే అనుకున్నా."

అతను స్టీరింగు మీద తల వాల్చాడు. ఏడవాలనే ఉంది గానీ, వెనక అక్కయ్య ఉంది. గ్రీజు చేత్తోనే ముఖం తుడుచుకుని గేరు వేశాడు. ఆసుపత్రి గేటు కనబడుతుండగా, వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"రేపు ఇంకో పట్టీ తీసి చూడనా అక్కా?"

"తియ్యరా," అంది ఆవిడ. "ఇంకొంచెం మెత్తబడితే సరిపోతుంది."