తాడు వదిలిన దీనమ్మ

నేను ఒక పంకాను. కరెంటుది కాదు. పొడవాటి టేకు బద్దకు తెల్లని గుడ్డ కుచ్చుగా కుట్టి, బందరు వర్తకుల వీధిలో షావుకారు వెంకటరత్నం గారి హాలు దూలానికి నన్ను వేలాడదీశారు. నా తాడు గోడకున్న కన్నంలోంచి వరండాలోకి పోతుంది. హాల్లో వాళ్లకు గాలి తగలాలి గాని, లాగే మనిషి కనబడకూడదు. ఆ కాలపు పెద్దమనుషుల తెలివి అది.

నన్ను లాగేది దీనమ్మ. పొద్దున వచ్చి వరండాలో కూర్చుంటే దీపాలు పెట్టేదాకా తాడు ఆమె చేతిలోనే. చెయ్యి పీకితే కాలి బొటనవేలికి కట్టుకునేది. ఇంట్లో చూసేవాళ్లు లేక, నాలుగు నెలల కూతుర్ని పక్కనే గోనెపట్టా మీద పడుకోబెట్టుకునేది.

రోహిణికార్తెలో ఒక మధ్యాహ్నం మద్రాసు నుంచి గుడ్డల వర్తకులు వచ్చారు. భోజనాలయ్యాయి, బేరం మొదలైంది. అప్పుడే వరండాలో పాప ఆకలికి గుక్కపట్టింది. దీనమ్మ ఒక చేత్తో లాగుతూ రెండో చేత్తో జోకొట్టింది. ఏడుపు ఆగలేదు.

"బాబుగారూ, పాలిచ్చేసి మళ్లీ లాగుతాను," అంది కన్నం దగ్గర నోరు పెట్టి.

"పెద్దవాళ్లు కూర్చున్నారు, కనబడట్లా? చెయ్యి ఆగిందంటే రేపట్నించి రానక్కర్లా!" అన్నాడు షావుకారు గోడకేసి చూస్తూ. గోడ అవతలి మనిషికి ఎలా కనబడుతుందో ఆయన ఆలోచించలేదు.

ఇంకో నాలుగు ఊపులు ఊగి ఆగిపోయాను. తాడు కొస కన్నంలోంచి జారి హాల్లో పడింది. దీనమ్మ పిల్లను రొమ్ముకు అదుముకుని, ఎన్నడూ అడుగుపెట్టనివ్వని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తాడు మీ వైపు వేశాను బాబుగారూ. కావాలంటే మీరు లాక్కోండి. నా పిల్ల పాలు తాగుతోంది."

షావుకారు ఆమెను పొమ్మన్నాడు. పోయింది. సాయంత్రం ఇంకొకణ్ణి పిలిపిస్తే, సంగతి విని "నా వల్ల కాదండి" అన్నాడు. ఆ తర్వాత పిలిచినవాడూ అదే మాట. వీధిలో పంకాలు లాగేవాళ్లు పదకొండుమంది. ఒక్కరూ రాలేదు. గాలి విసరడానికే పుట్టినదాన్ని, నాలుగు రోజులు కదలకుండా వేలాడాను. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

ఐదో రోజు షావుకారే కబురు పెట్టాడు.

"పిల్ల ఏడిస్తే లాగడం ఆపుతాను. ఒప్పుకుంటేనే కూర్చుంటా," అంది దీనమ్మ.

ఆయన మొదటిసారి ఆమె మొహం చూసి, "సర్లే, కూర్చో" అన్నాడు.

తర్వాత కరెంటు వచ్చింది, నేను అటకెక్కాను. ఆ ఇల్లు మ్యూజియం అయ్యాక దించి, కొత్త గుడ్డ కుట్టి, పాతచోటే కట్టారు. కింద పలక మీద 'షావుకారు వెంకటరత్నం గారి పంకా' అని రాశారు. గైడు భానుప్రసాదు రోజూ "షావుకారు గారు దీనికింద చల్లగా వ్యాపారం చేసుకునేవారండి" అంటాడు. నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న మే నెల ఆదివారం, మంగినపూడి బీచికి పోతున్న ఒక కుటుంబం దారిలో ఇక్కడ ఆగింది. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే, వాళ్లలో పెద్దావిడ, నర్సుగా చేసి రిటైరైన సుగుణావతి, నా తాడునే చూస్తూ నిలబడింది.

"దీన్ని లాగిందెవరు బాబూ?"

"ఎవరో పనివాళ్లండి."

"ఎవరో ఏంటి? షావుకారు పేరు రాశారుగా, గాలి ఆయన విసిరాడా?"

గైడు నవ్వబోయి మానుకున్నాడు. ఆవిడ తాడు వెంట నడిచి గోడ అవతలికి వెళ్లింది. మోకాళ్లు నొప్పని మూలుగుతూనే వరండా నేలమీద కూర్చుంది.

"ఇలా రా నాయనా. ఇక్కడ కూర్చుని చూడు, హాలేమన్నా కనిపిస్తోందేమో."

కూర్చున్నాడు. ఏమీ కనిపించలేదు. ఎండ మాత్రం తిన్నగా మొహాన కొట్టింది. అతను చెయ్యి అందిస్తే ఆవిడ పట్టుకుని లేచి, తనవాళ్లతో కారెక్కి వెళ్లిపోయింది.

కాసేపటికి గుంటూరు బండి ఒకటి ఆగింది. దిగినవాళ్లు తిన్నగా హాల్లోకి నడవబోతుంటే గైడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండాగండి. ముందు వరండాలోకి రండి."