ధనిష్ఠ నాడు వచ్చిన మనిషి

నేను ఒక రోకలిని. చండ్ర చేవతో చేశారు నన్ను. మనిషి భుజం దాటే పొడవు, కింద ఇనుప పొన్ను. "రోట్లో తల దూర్చి రోకటి పోటుకు వెరవనా" అని మీరు గొప్పగా అంటుంటారే, ఆ పోటు నాదే. అనడమే గాని, నిజంగా తల దూర్చినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

నా పుట్టుకంతా దెబ్బలే. గొడ్డలితో నరికారు, బాడిసెతో చెక్కారు, కొలిమిలో ఎర్రగా కాల్చిన పొన్నును నా కాలికి తొడిగి సుత్తితో బాదారు. ఇన్ని తిన్నవాడికి శాంతం ఎక్కణ్ణించి వస్తుంది? నాకు రాలేదు. నన్ను మొదట కొన్న రైతు గట్టు తగాదాలో తమ్ముడి మోచెయ్యి నాతోనే విరగ్గొట్టాడు. ఆ నెలలోనే నాకు పసుపు రాసి, మామిడాకు కట్టి, అదే తమ్ముడి పెళ్లికి ముత్తయిదువల చేత పసుపు దంచించాడు. చేతికి కట్టుతోనే తమ్ముడు పీటల మీద కూర్చున్నాడు. మనుషుల తీరు నాకప్పుడే కొంత తెలిసింది.

ఆ రైతు కూతురు తిరపతమ్మ. కాపురానికి వస్తూ నన్నూ బండిలో వేసుకొచ్చింది. పల్నాడులో సాగరు కాలవ పక్కన ఊరు. మట్టిగోడల ఇల్లు, ముందు వసారా, వసారాలో రోలు. ఆ గోడలకు మట్టి తిరపతమ్మే తొక్కింది, ఏటేటా తనే అలికింది. మొగుడు పోయాక ఊళ్లోవాళ్లకు కారం కొట్టిపెట్టి కొడుకును పెంచింది. కొడుక్కి పెళ్లయ్యాక కోడలు సామ్రాజ్యం తోడైంది. అత్తా కోడలూ రోటికి చెరోవైపు నిలబడి వంతులవారీగా నన్నెత్తి వేసేవాళ్లు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో మిరపకాయల మీద. అందుకే మా కారం అంత మెత్తగా ఉండేది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. సామ్రాజ్యం మొగుడు మిరపకాయల బండితో గుంటూరు వెళ్లాడు. ఇంట్లో ఆడవాళ్లిద్దరే, మూతులకు గుడ్డలు కట్టుకుని కారం కొడుతున్నారు. ఉన్నట్టుండి ఒక మనిషి రెండు చేతులతో పొట్ట పట్టుకుని వసారాలోకి వచ్చి రోలు పక్కన కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారి పంచంతా తడిసిపోయింది. భుజం మీద ఇంకో గొడ్డలి గాటు, ఎముక కనపడుతోంది. కాలవ అవతలి ఊరివాడు. తెల్లారి తూము దగ్గర నీళ్ల కోసం మొదలైన కొట్లాట ఇక్కడ తేలింది.

"అమ్మా, లోపల పడుకోనీ తల్లీ. ఈదిలో కుక్కలాగా సావలేను," అన్నాడు సామ్రాజ్యంతో.

ఆమె నన్ను గోడకు చేరేసి, వాడి చంకల కింద చేతులేసి గడప లోపలికి ఈడ్చింది. తిరపతమ్మ గుండెలు బాదుకుంది.

"ఏందే నువ్వు చేసే పని! ఇయ్యాల ధనిష్ఠ. పొద్దున పంతులు చెప్పలా? వీడు ఇంట్లో పోతే ఇల్లు పాడుపెట్టాల. ఆర్నెల్లు తాళం. యాడుంటాం? ఏం తింటాం?"

ఆమె చెప్పింది అబద్ధం కాదు. ధనిష్ఠ నక్షత్రంలో ఎవరైనా ఇంట్లో పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. శవాన్ని గుమ్మంలోంచి తియ్యకూడదు, గోడకు కన్నం పెట్టి తియ్యాలి. అదీ అక్కడి ఆనవాయితీ. నక్షత్రాలకు మన చావులతో పనేమిటో నాకు తెలియదు గాని, ఊరు మాత్రం నమ్ముతుంది. కాదన్నవాళ్ల కారం ఊళ్లో ఎవరూ ముట్టరు.

ఇంతలో వాణ్ని తరుముకుంటూ వచ్చినవాళ్లు వాకిట్లో నిలబడ్డారు. ముగ్గురు, గొడ్డళ్లతో. ముందున్నవాడు కొండలు. ఈ ఊరివాడే, తిరపతమ్మకు వరసకు అక్క కొడుకు.

"పిన్నమ్మా, వాణ్ని బయటికి నూకు. ఎట్టాగూ పోయేవోడే. ఇంట్లో పోయాడంటే నీ కొంప పాడుబడుద్ది. నీ మంచికే చెబుతుండా," అన్నాడు.

చంపడానికి వచ్చినవాడు ఇల్లు బాగుండాలని కోరడం నేనక్కడే చూశాను. కానీ ఆ మాట తిరపతమ్మకు సరిగ్గా తగిలింది. వంగి ఆ మనిషి రెండు కాళ్లూ పట్టుకుని గడప వైపు లాగింది. వాడు నేలను గోళ్లతో పట్టుకున్నాడు. అలికిన నేల మీద చారలు పడ్డాయి. తిరపతమ్మ ఏడుస్తూనే లాగింది. నాకు కోపం వచ్చింది. ఆవిడ మీదా, కొండలు మీదా, ఆ నక్షత్రం మీదా.

అప్పుడు సామ్రాజ్యం నన్ను అందుకుంది.

బుట్టలో కారం ఉంది కదా, వాళ్ల కళ్లల్లో కొట్టి ఉంటుందనుకుంటారేమో. ఆ కారం ఊళ్లోవాళ్లది. పరాయి సొమ్ము పారబోసే మనిషి కాదామె. నన్ను పైకెత్తి అత్త చేతుల పక్కన నేల మీద వేసింది. నేల గుంట పడింది.

"కాళ్లొదులు అత్తా."

తిరపతమ్మ బెదిరి వదిలేసింది. ఆడదే కదా అనుకుని కొండలు గడప లోపల కాలు పెట్టాడు. ఎన్నో ఏళ్లుగా మిరపకాయలు దంచిన చేతులవి, గురి తప్పవు. పొన్ను వాడి మోకాటి మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు విరిగింది. వాడు అరుస్తూ గుమ్మంలో పడ్డాడు. రెండోవాడు గొడ్డలి ఎత్తి సామ్రాజ్యం తల మీద వెయ్యబోయాడు. ఆమె నన్ను అడ్డం పెట్టింది. ఆ వేటు నేను తిన్నాను. గొడ్డలి నా నడుములో దిగబడి ఇరుక్కుంది. వాడు లాగేలోపు ఆమె నన్ను మెలితిప్పి వాడి చేతిలోంచి గొడ్డలి ఊడగొట్టింది. పొన్నుతో వాడి మెడ పక్క ఎముక మీద పొడిచింది. నోట్లోంచి నెత్తురు కక్కుకుంటూ వాడు వసారా దిగి కూర్చుండిపోయాడు. మూడోవాడు ఆమె మొహం చూసి ఆగాడు. కొండలును భుజానేసుకుని, రెండోవాణ్ని ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. నిజం చెబుతున్నాను, నా బతుకులో అంత ఆనందం నాకెప్పుడూ కలగలేదు.

సామ్రాజ్యం గుమ్మంలోనే నిలబడింది, మళ్లీ వస్తారని. లోపల ఆ మనిషి కారం ఘాటుకు దగ్గుతున్నాడు. దగ్గినప్పుడల్లా పొట్టలోంచి నెత్తురు ఎగజిమ్ముతోంది. కోడలి తల మీదికి వచ్చిన గొడ్డలిని చూశాక తిరపతమ్మ మోకాళ్ల మీద పాక్కుంటూ వాడి తల దగ్గరికి వెళ్లి, తల ఒళ్లో పెట్టుకుంది.

"దగ్గమాకరా నాయనా. దగ్గితే పేగులొచ్చేస్తయి," అంటూ కొంగు తడిపి వాడి కళ్లు తుడిచింది. "ఏం పేరు? ఇంట్లో ఎవురున్నారు?"

వాడు తన పేరు చెప్పలేదు. "నాంచారమ్మ," అన్నాడు. "నా ఇంటిది." తిరపతమ్మ వాడి నోట్లో నీళ్లు పోసింది. రెండు గుక్కలు మింగాడు, మూడోది పక్కకి కారిపోయింది.

పోలీసులు వచ్చి రాసుకున్నాక శవాన్ని తియ్యాల్సి వచ్చింది. గుమ్మంలోంచి వద్దన్నారు ఊళ్లో పెద్దలు. తిరపతమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు. నడుము చీలిన నన్నే పట్టుకుని, తను తొక్కిన మట్టితో లేచిన గోడను తనే పొడిచింది. పెళ్లలు రాలుతుంటే ఒక్కో పోటుకీ ఏడ్చింది. ఆ కన్నంలోంచే ఆ మనిషి బయటికి వెళ్లాడు. ఆ పోట్లకు నేను పొన్ను దాకా చీలిపోయాను.

ఆరు నెలలు ఇంటికి తాళం. వాళ్లు గొడ్లపాకలో బతికారు, కారం పని లేక కూలికి వెళ్లారు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నదంట సామ్రాజ్యం" అని ఊరు నవ్వింది. నేను చీకటి ఇంట్లో చెదలకు మేతగా పడి ఉన్నాను.

తలుపు తీసి, శాంతి చేయించి, కన్నం పూడ్చడానికి మట్టి తొక్కుతున్న రోజున ఒక ఆడమనిషి వచ్చి వాకిట్లో నిలబడింది. బొట్టు లేదు. నాంచారమ్మ అని చెప్పింది. తిరపతమ్మ బురద కాళ్లతోనే ఆమెను లోపలికి తీసుకొచ్చి, ఆ మనిషి పోయిన చోటు చూపించింది. ఆమె కూర్చుని నేల మీద అరచెయ్యి ఆనించింది. ఆ చెయ్యి తియ్యకుండానే అడిగింది.

"ఒంటరిగా పోయాడా అమ్మా?"

"ఒంటరిగా ఎందుకు పోతాడే తల్లీ! నా కోడలు గుమ్మంలో నిలబడింది. నేను తల దగ్గర కూకున్నా. నా ఒళ్లోనే పోయాడు."

నాంచారమ్మ ఆవిడ చెయ్యి తీసుకుని కళ్లకు అద్దుకుంది. తిరపతమ్మ ఆ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, లాక్కోలేకపోయింది. బెదురుగా కోడలి వైపు చూసింది. నేల మీద గోళ్ల చారలు ఇంకా ఉన్నాయి. సామ్రాజ్యం బక్కెట్లోంచి ఇంత మట్టి తీసి, ఆ చారల మీద అలకడం మొదలుపెట్టింది.