పెన్సిల్‌తో రాసిన ఇళ్ళు

నేను నివేదికలో నాలుగో పేజీ చదవగానే దాలమ్మ ఒళ్ళో ఉన్న బిందెలో నీళ్ళు లేకుండా పోతాయి. ఒలకలేదు. 'ప్రతిపాదిత స్థలంలో నీటి వనరులు లేవు' అన్నాను, అంతే. ఆమె బిందె వంచి లోపలికి చూసి, మళ్ళీ నిటారుగా పెట్టుకుంటుంది.

ఉదయం పది దాటింది. బూరుగువలస కొండ కింద షామియానా, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. పర్యావరణానికి హాని చెయ్యని భవనాల మీద పరిశోధనకి మా విశ్వవిద్యాలయం ఈ కొండ మీద ఒక కేంద్రం కట్టబోతోంది. కడితే ఇక్కడ ఏమవుతుందో అంచనా వేసిన నివేదిక నాది. కాబట్టి ఊరివాళ్ళ ముందు నేనే చదవాలి.

ఏడో పేజీలో పంటలు లేవు. ముగడ సన్యాసి తువ్వాల్లో మూటగట్టి తెచ్చిన చోళ్ళు పోతాయి. ముడి మాత్రం వేసినట్టే ఉంది. అతను మూటని రెండుసార్లు నొక్కి చూసి భుజాన వేసుకుంటాడు. ఎవరూ అరవరు.

తొమ్మిదో పేజీ తిప్పి ఆగుతాను. అందులో ఏముందో నాకు తెలుసు: 'ఈ కొండ మీద నివాసాలు లేవు.' సర్వేకి వచ్చినప్పుడు జ్వరం తగిలి పదకొండు రోజులు దాలమ్మ ఇంట్లోనే పడుకున్నాను. తెలివి వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి నా నుదుటి మీదే ఉండేది.

"సార్, నా నోట్‌బుక్‌లో నలభై ఒక్క ఇళ్ళున్నాయి," అంటాను పక్కనున్న నా పరిశోధన గైడు ముకుందరావు గారితో.

"నోట్‌బుక్ పెన్సిల్‌తో రాశావు కదమ్మా. నివేదిక అచ్చయింది. సంతకం నీదే," అంటారాయన మెల్లగా.

నాదే. పెడితే డాక్టరేట్ వస్తుందన్నారు, పెట్టాను.

"సదువు పాపా," అంటుంది దాలమ్మ. "నువ్వు సదవకపోతే మేం ఏటైపోనామో మాకెలాగ తెలుస్తాది?"

నివేదిక మూసేస్తాను. సంచిలోంచి నోట్‌బుక్ తీసి మైకులో చదువుతాను. "బొడ్డు దాలమ్మ ఇల్లు. ముగడ సన్యాసి ఇల్లు."

పేరు చదివినప్పుడల్లా ఒక ఇల్లు వచ్చి నా ముందున్న బల్ల మీద వాలుతుంది. మట్టి గోడ, తాటాకు కప్పు, అరుగు, అన్నీ ఉన్నాయి. నా పెన్సిల్ రాత చాలా చిన్నది. ఇళ్ళు కూడా అంతే చిన్నగా, అగ్గిపెట్టెల్లా వస్తున్నాయి.

నలభై ఒకటీ చదివేస్తాను. వాళ్ళు లేచి, చెప్పులు విడిచి, వరసగా బల్ల దగ్గరికి వస్తారు.

"ఇంత సిన్న ఇళ్ళల్లో పడతామేటే?" అంటాడు సన్యాసి.

"ఒంగితే పడతాం," అంటుంది దాలమ్మ. నా వైపు తిరుగుతుంది. "ఇంత సన్నంగా రాసినావేటి పాపా?"

"కాగితం సరిపోదనుకున్నాను."

ఆమె తలూపుతుంది. తల వంచి, భుజాలు ముడిచి, తన గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోతుంది. ఆమె వెనక అందరూ.

ముకుందరావు గారు పక్క బల్ల మీద పెట్టిన కేంద్రం నమూనాకి కప్పిన గాజు పెట్టె తీసి, ఇళ్ళ మీద బోర్లిస్తారు. లోపల ఎవరో పొయ్యి వెలిగించారు. గాజు మెల్లగా బూడిదరంగుకి తిరుగుతోంది.

"చూశావా, పొగ బయటికి రావడం లేదు," అంటారాయన. "నివేదికలో ఉద్గారాల గడిలో సున్నా వెయ్యి."

నేను వెయ్యను. ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని తనే వేస్తారు. ముందు వరస కుర్చీల్లో ఉన్న అధికారులు చప్పట్లు కొడతారు.

లోపలినుంచి దగ్గు వినిపిస్తోంది. గాజు ఎత్తబోతే, అది బల్ల చెక్కలో కలిసిపోయి ఉంది. గోళ్ళు విరుగుతాయి గానీ సందు దొరకదు. బల్లతో సహా పెట్టెని నెత్తిన ఎత్తుకుని షామియానా దాటుతాను. కొండ మీద వాళ్ళ నేల మీద దింపితే అది విచ్చుకుంటుందని నా ఆశ.

వెనక మైకులో ముకుందరావు గారి గొంతు, పన్నెండో పేజీ చదువుతోంది. "స్థలం చదునుగా ఉంది. ఎత్తుపల్లాలు లేవు."

తలెత్తి చూస్తాను. కొండ లేదు. దాని మీద ఉండే పిట్టలన్నీ ఎక్కడివక్కడే, గాలిలో, కొండ ఆకారంలో కూర్చుని ఉన్నాయి. అన్నిటికన్నా కిందనున్న పిట్ట నా మోకాలెత్తులో ఉంది. అది కాస్త పక్కకి జరిగి చోటిస్తుంది. నేను అక్కడ పాదం మోపుతాను.